కొండగోరింక మీద ఆకాశరామన్న ఉత్తరం

యాజులుగారు లోకంలో నమ్మింది ఇద్దరినే. ఒకరు తను, రెండోది పెరటి వసారాలో వేలాడే పంజరంలోని కొండగోరింక. చింతపల్లి నుంచి వచ్చిన సంత మనిషి దగ్గర కొని, ఏడాదిపాటు అరటిపండు తినిపించి, "రామ రామ" అనడం నేర్పారు. ఆయన కంటపడితే తప్ప ఆ మాట అనదు. అదొక గర్వం ఆయనకి. పిల్లల్లేని ఆ ఇంట్లో ఆయన ముద్దుచేసిన ప్రాణి అదొక్కటే. భార్య బాలాంబ ఉంది గాని, ఆవిడను ముద్దుచేయాలని ఆయనకెప్పుడూ తోచలేదు.

అలాంటి గోరింక మీద, డెబ్భై తొమ్మిది వేసవిలో, నర్సీపట్నం పంచాయతీ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. పక్షి అరుపులు ఇరుగుపొరుగుకు ఇబ్బందిగా ఉన్నాయని ఫిర్యాదు అందిందట. నిబంధనల ప్రకారం ఏడు రోజుల్లో దాన్ని పంపించేయాలట, లేకపోతే పంచాయతీవాళ్ళే పట్టుకుపోతారట.

తాలూకాఫీసులో ఇరవయ్యేళ్ళుగా గుమాస్తాగిరీ చేస్తున్న మనిషి ఊరుకుంటాడా? పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి అక్కడి గుమాస్తాను నిలదీశారు. వచ్చింది ఆకాశరామన్న ఉత్తరమట, సంతకం లేదట. పగలు పదిన్నర నుంచి సాయంత్రం అయిదున్నర దాకా ఆ పిట్ట మగగొంతుతో తిడుతోందని రాశారట. అంతమటుకు చెప్పి, కాగితం చూపించకుండా సొరుగులో పడేశాడతను.

తిట్టడమా? రామనామం తప్ప ఎరగని పిట్ట! కుట్ర కాకపోతే మరేమిటి? ఎడమవైపు మన్మథరావు బస్సు కండక్టరు, తెల్లారకుండా తుని వెళ్ళి పొద్దుపోయాక వస్తాడు. మిగిలింది కుడివైపు అప్పాయమ్మ. రెండేళ్ళ కిందట ఆవిడ కోడిపుంజు కూత భరించలేక ఇదే పంచాయతీకి ఇలాగే సంతకం లేకుండా ఉత్తరం పడేసింది యాజులుగారే. ఇప్పుడు కసి తీర్చుకుంటోందన్నమాట.

గోడ మీంచి అడిగేశారు.

"నానేటి రాత్తానండి బాబూ, నాకు సదువా సట్టుబండలా?" అంది అప్పాయమ్మ. "ఆ పిట్ట గొంతు ఇని మీరింట్లోనే ఉన్నారనుకుని, పగటేల మీ గుమ్మం తొక్కడమే మానీసినాను."

ఎంత నంగనాచి అనుకున్నారు. ఎవరిచేతో రాయించి ఉంటుంది. గోడ దగ్గర చేరి పిట్టకు తిట్లు నేర్పుతోందేమో కూడా. అయిదో రోజు, ఆఫీసుకు సెలవు చీటీ పంపించి, ఎప్పట్లాగే బయల్దేరినట్టు వీధి చివరిదాకా నడిచి, వెనక సందులోంచి తిరిగొచ్చారు. చెప్పులు చేత్తో పట్టుకుని, పంజరం పక్కనున్న గోడ చాటున నక్కారు.

అప్పాయమ్మ జాడే లేదు. బాలాంబ పని ముగించుకుని, నట్టింట్లో, తెరిచున్న పెరటి తలుపుకెదురుగా కంచం పెట్టుకు కూర్చుంది. మొదటి ముద్ద కలిపిందో లేదో, పంజరంలోంచి అచ్చంగా యాజులుగారి గొంతే ఖంగుమంది.

"ఏమే, చెవుడా? ఎన్నిసార్లు పిలవాలి?"

"వస్తున్నానండీ" అంటూ బాలాంబ ఎంగిలి చేత్తోనే లేచింది. రెండడుగులు వేసి ఆగింది. మళ్ళీ వచ్చి కూర్చుంది. కాసేపటికి "ఇది కాఫీయా, కుడితా?" అంది గోరింక. ఆవిడ ఉలిక్కిపడి, మెల్లగా ముద్ద వదిలేసింది.

ఆ మాటలు యాజులుగారు నేర్పలేదు. రోజూ అంటూ ఉన్నారు, అంతే. పట్టరానంత సిగ్గేసింది. ఉన్నచోటునుంచే "బాలా" అన్నారు, చేతనైనంత నెమ్మదిగా.

ఆవిడ తలెత్తలేదు. పిలిచింది గోరింకే అనుకుంది.

"అరుచుకో, ఇంకా రెండ్రోజులేగా. నీ మీద ఉత్తరం రాసి పడేశాను, పట్టుకుపోతారు" అంది. మళ్ళీ ముద్ద కలపసాగింది. "ఆయన మీద ఏ ఆఫీసుకు రాసుకోనే?"

యాజులుగారు తెలియకుండానే గోడ చాటునుంచి ఒక అడుగు ముందుకేశారు. గోరింక మెడ తిప్పి ఆయన్ని చూసింది.

"రామ రామ" అంది.

బాలాంబ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.