జానెడు మీద రెండు వేళ్లు

నేను ఒక గ్లోబుని. గుండ్రంగా ఉన్నానని ఇంత గర్వమా అంటారేమో, అనండి. గుండ్రంగా ఉండటమే నా గొప్ప. అంబాలాలో ఒక కార్ఖానాలో అట్టబంతి మీద దోసబద్దల్లా కోసిన పన్నెండు కాగితాలు అతికించి, నెత్తిన ఇత్తడి మర బిగించి, నన్ను ఏటవాలుగా నిలబెట్టారు. అతికించినవాడి చెయ్యి కాస్త వణికినట్టుంది, శ్రీలంక రవ్వంత పక్కకు జరిగింది. అంతకు మించి నాలో వంక పెట్టడానికేమీ లేదు.

మొదట పాలకొల్లు దగ్గర ఒక హైస్కూలుకు వచ్చాను. హెడ్మాస్టరు నన్ను చూసి మురిసిపోయి, పిల్లలు పాడుచేస్తారని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున బయటికి, ఆయన జీపెక్కగానే లోపలికి. ప్రపంచాన్ని చూపించడానికి పుట్టినదాన్ని, పందొమ్మిదేళ్లు హాజరుపట్టీల కట్టల్ని చూస్తూ గడిపాను. మనుషులకు మంచి వస్తువు దొరికితే ముందు తాళంకప్ప వెతుకుతారు.

పాత సామాను వేలంలో నన్ను కృపావరం గారు పాడుకున్నారు. నర్సాపురం బస్టాండు ఎదురుగా ఆయనకు విమానం టికెట్లు బుక్ చేసే ఆఫీసు ఉంది. కువైట్‌కో మస్కట్‌కో పనికి పోయే ఆడవాళ్లు నా మీద వేలు పెట్టి, "ఇంతేనా అండీ దూరం!" అని ధైర్యం తెచ్చుకునేవారు. ఆ వేళ్ల రాపిడికి గల్ఫు తీరమంతా రంగు పోయి తెల్లబడింది. పతకం వచ్చినంత సంబరపడ్డాను. కానీ కృపావరం గారు ఏది వివరించాలన్నా గోడకున్న ప్రపంచపటం వైపే తిరిగేవారు. ఆ బల్లపరుపు పటాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఒకనాడు మాణిక్యమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి, లేసు అల్లికలో ఆ చుట్టుపక్కల ఆమెను మించినవాళ్లు లేరు. పద్దెనిమిది మంది ఆడవాళ్లు ఆమె చేతి కింద పద్నాలుగు నెలలు కూర్చుని ఒక బల్లగుడ్డ అల్లారు. దాన్ని కెనడాలో, వాంకూవర్‌లో జరిగే చేతిపనుల ప్రదర్శనలో పెట్టడానికి పిలుపు వచ్చింది. వీసా ఆమె ఒక్కదానికే దొరికింది. ఆమె వెళ్లకపోతే ఆ గుడ్డ ట్రంకుపెట్టెలోనే ఉండిపోతుంది.

"టికెట్ దొరికిందండి మాణిక్యమ్మగారూ. శుక్రారం రాజమండ్రిలో ఎక్కి, ఢిల్లీలో మారాలండి. శనివారం ప్రదర్శన కదండీ, ఇది తప్పితే మళ్లీ సోమారమేనండి, ఆయ్" అన్నారు కృపావరం గారు.

"ఆ ఊరు ఎటుంది బాబూ?"

ఆయన గోడపటం ఎడమ కొస చూపించారు. "అదిగోండి, ఆ పడమటి చివర." ఊరుకోక స్కేలు కూడా పెట్టి, "ఢిల్లీ నుంచి ఇరవై రెండు వేల కిలోమీటర్లండి" అన్నారు. నాకు నవ్వాగలేదు. నా నడుం చుట్టుకొలతే నలభై వేలు. నా మీద ఏ రెండు ఊళ్ల మధ్యా ఇరవై వేలకు మించి దూరం ఉండనే ఉండదు.

మాణిక్యమ్మ మొహం మాత్రం వాడిపోయింది. "శుక్రారం పడమటికా? ఆ రోజు ఆ దిక్కుకి కదిలితే కీడు, వారశూల కాదటయ్యా! నేనెల్లను."

"పోనీ గురువారమే ప్రస్థానం పెట్టేయండి. మీ పెట్టె పక్కింట్లో ఉంచితే ప్రయాణం మొదలైనట్టే కదండీ."

"మా ఆయన అలా ప్రస్థానం పెట్టుకునే మద్రాసు ఎల్లాడు. లేసు మూట రైల్లోనే పోయింది. మళ్లీ ఆ మాట ఎత్తకు" అని కుర్చీలో కూలబడింది. "ఆ ఆడాళ్లకి ఏం మొహం చూపించను?" అంటూ కళ్లు తుడుచుకుంది. నా ఎదుట ఎవరైనా ఏడిస్తే నేను ఓర్చుకోలేను. ఒక్కసారి నా వైపు చూడమ్మా అని లోలోపల ఎంత మొత్తుకున్నానో!

చూసింది. సంచిలోంచి దారపు ఉండ తీసింది. ఒక కొస ఢిల్లీ మీద బొటనవేలితో అదిమి, గోడపటం చెప్పినట్టే పడమటికి, యూరపు మీదుగా, సముద్రం దాటించి వాంకూవర్ దాకా పరిచింది. జానన్నర దాటింది. దారం వదులుగా ఉంటే ఆమెకు సహించదు. అలవాటు కొద్దీ బిగించి లాగింది.

దారం జారింది. యూరపును వదిలేసి పైపైకి పాకి, ఉత్తర ధ్రువం దగ్గర నా ఇత్తడి మరకు తట్టుకుని ఆగింది. ఆమె చిటికెనవేలితో దాన్ని మర మీంచి అవతలికి దాటించింది. అప్పుడు దారం తనంత తాను సర్దుకుని, ఢిల్లీ నుంచి దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి పోయి, మంచుసముద్రం మీదుగా వాంకూవర్‌లో దిగింది. జాన పెట్టి కొలిచింది. జానెడు మీద రెండు వేళ్లు.

"బాబూ, విమానం ఎటు పోద్దయ్యా? దగ్గర దారినా, చుట్టుదారినా?"

కృపావరం గారు వంగి చూశారు. చిన్నప్పుడు చదివిన భూగోళం అప్పటికి గుర్తొచ్చినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి. "దగ్గర దారేనండి. పదకొండు వేల చిల్లర. గాలిని బట్టి కాస్త తూర్పుకి జరుగుద్దేమో గానీ, పడమటికి పోదండి. పటం చూసి తప్పు చెప్పానండి."

"రాజమండ్రి మనకి ఉత్తరం. ఢిల్లీ ఉత్తరం. ఆ పైనా ఉత్తరమే. శుక్రారం ఉత్తరానికి ఏ శూలా లేదు. బిగించిన దారం అబద్ధమాడదు బాబూ. టికెట్ కొట్టించు."

నా జన్మకు అంతకన్నా ఏం కావాలి?

ఇరవై రోజులకు తిరిగొచ్చి, తిన్నగా నా దగ్గరికే వచ్చింది. "ఎవరు అల్లారని అడిగారు బాబూ. పద్దెనిమిది పేర్లూ వరసగా చెప్పాను, ఒక్కటి కూడా మర్చిపోలేదు" అంటూ నా నెత్తి నిమిరింది. కృపావరం గారు నన్ను ఆమెకే ఇచ్చేశారు.

ఇప్పుడు లేసు అల్లేవాళ్ల మధ్య, ఒక బల్ల మీద ఉంటున్నాను. బీరువా లేదు, తాళం లేదు. నా కాగితం అంచులు లేచిపోయాయి, ఇరుసు కిర్రుమంటోంది. ఎంత దూరం వెళ్లొచ్చావమ్మా అని ఎవరైనా అడిగితే మాణిక్యమ్మ కిలోమీటర్లు చెప్పదు. బొటనవేలు ఢిల్లీ మీద ఆనించి, జాన చాచి, పక్కన రెండు వేళ్లు పెట్టి, "ఇంతే" అంటుంది.