బావ వాయించిన మొదటి పాట

యాభై ఆరేళ్ళు వచ్చాక మనిషికి మోకాళ్ళ నొప్పులు రావాలి, షుగరు రావాలి, ఏదీ లేకపోతే భక్తయినా రావాలి. లిఫ్టు మెకానిక్‌కు ఈ మూడూ కాకుండా బేస్ గిటార్ మీద మళ్ళీ మనసు వచ్చింది. ఇంట్లోవాళ్ళు దాన్నీ ఒక జబ్బు కిందే జమకట్టారు.

మళ్ళీ అనడానికి కారణం ఉంది. పెళ్ళయిన కొత్తలో భార్య తమ్ముణ్ణి వెంటేసుకుని బ్యాండు పెట్టింది ఆయనే. దానికి పేరు పెట్టిందీ, స్పీకర్లు భుజాన మోసిందీ ఆయనే. తీరా నాలుగు చోట్ల పేరొచ్చే వేళకు కంపెనీవాళ్ళు సాయంత్రం డ్యూటీ వేశారు. పొద్దు వాలితే చాలు, ఎవరో ఒకరు ఎక్కడో ఒక లిఫ్టులో ఇరుక్కునేవారు. ఈయన గిటారు దించి స్పానర్లు ఎత్తుకునేవాడు. పదకొండు నెలలకల్లా గిటారు అటకెక్కింది. బామ్మర్ది మాత్రం కీబోర్డు వాయిస్తూ, జుట్టుకు రంగేస్తూ, ఆ బ్యాండును ముప్పై ఏళ్ళు లాక్కొచ్చాడు.

"వచ్చే ఏడాదికి మన బ్యాండుకు ముప్పై నిండుతాయి బావా. పెద్ద ప్రోగ్రాం పెడుతున్నాం. నువ్వూ రెండు పాటలు వాయిద్దువుగాని" అన్నాడు బామ్మర్ది ఒకనాడు భోజనాల దగ్గర.

అన్నవాడు చెయ్యి కడుక్కుని ఆ మాట మర్చిపోయాడు. విన్నవాడు మర్చిపోలేదు. మర్నాడే నిచ్చెన వేసి గిటారు దించాడు. తుప్పు పట్టిన నాలుగు తీగలూ తీయించి కొత్తవి వేయించాడు. మందుల షాపు పైన సంగీతం నేర్పే గదిలో, తన కూతురి వయసున్న టీచరు దగ్గర చేరాడు.

ఆ టీచరమ్మకు పొగడ్త అన్నది తెలియని విద్య. "వేలు ఆ ఫ్రెట్ కమ్మీ మీద కాదు అంకుల్, పక్కన" అనేది. "అంత గట్టిగా నొక్కకండి, అది నట్టు కాదు" అనేది. ఆయన కిక్కురుమనకుండా నొక్కేవాడు. స్పానర్లు పట్టి పట్టి కాయలు కాసిన వేళ్ళయినా, ఆ లావు తీగలకు మళ్ళీ బొబ్బలెక్కాయి. భార్య కొబ్బరినూనె రాస్తూ, "ఈ వయసులో ఇదేం సరదా అండీ" అని గొణిగేది.

అది సరదా కాదు. ఆయనకు చప్పట్లు అక్కర్లేదు, ఫోటో అక్కర్లేదు. తను పుట్టించిన బ్యాండులో, ఆ రెండు పాటల సేపు, అందరి అడుగునా తన శబ్దం ఉండాలి. అంతే. బేస్ గిటార్ ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోరు, లేకపోతే పాట కాళ్ళు విరిగినట్టు కూలబడుతుంది. ముప్పై ఏళ్ళు లేకుండా పోయినవాడికి ఒక్కసారి ఉండాలనిపించడం నేరమా?

చిక్కల్లా మొదటి పాటలో ఒక్కచోటే. రెండో చరణం అయిపోగానే ఎడమచెయ్యి మూడో ఫ్రెట్ నుంచి పదో ఫ్రెట్‌కు ఒక్క అంగలో దూకాలి. చూసుకునే వ్యవధి ఉండదు. ఏడాదంతా కిందా మీదా పడ్డా, పదిసార్లకు తొమ్మిదిసార్లు ఆ చెయ్యి తొమ్మిది మీదో పదకొండు మీదో పడేది. బ్యాండుతో కలిసి చేసిన మూడు రిహార్సల్సులోనూ అక్కడే తప్పాడు. మూడోసారి డ్రమ్ములతను పుల్లలు ఆపి పైకప్పు కేసి చూశాడు. మూలన కుర్చీలో ఉన్న భార్య తల దించుకుంది.

"పర్లేదు బావా, మనింటి ప్రోగ్రామే కదా" అన్నాడు బామ్మర్ది, నిమ్మకు నీరెత్తినట్టు.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండింది. మూడు వందల కుర్చీలు. ముందు వరుసలో లిఫ్టు కంపెనీ మనుషులు, చుట్టాలు, ఫోను ఎత్తి వీడియో తీస్తున్న భార్య. సౌండతను వచ్చి గిటారుకు వైరు తగిలించి వెళ్ళాడు.

మొదటి పాట మొదలైంది. పల్లవి గడిచింది, చరణం గడిచింది, రెండో చరణమూ అయింది. చెయ్యి దూకింది. సరిగ్గా పదో ఫ్రెట్ మీద పడింది! పాట తొణక్కుండా సాగిపోయింది. ఆయనకు ఒళ్ళు తెలియలేదు. పెళ్ళినాడు కూడా అంత సంతోషపడి ఉండడు, ఈ సంగతి భార్యకు చెప్పకూడదు గానీ.

రెండో పాట సగంలో ఉండగా చెమటకు వేలు జారింది. తీగ మోగలేదు. కానీ బేస్ మోగింది.

ఆయన చెవి మామూలు చెవి కాదు. గోడకు చెయ్యి ఆనించి ఏడో అంతస్తు మోటారులో తేడా చెప్పగల మనిషి. అనుమానం వస్తే ఊరుకోలేడు. నాలుగు డ్రమ్ము దెబ్బల సేపు తీగల మీంచి చెయ్యి తీసేశాడు. కాళ్ళ కింద చెక్కలు అదురుతూనే ఉన్నాయి. బామ్మర్ది వైపు చూశాడు. వాడి ఎడమచెయ్యి కీబోర్డు ఆ చివర, బేస్ పలికే లావు స్వరాల మీద, తాపీగా నడుస్తోంది.

అప్పుడు కావాలనే తప్పులు వాయించాడు. వినకూడని, చెవులు మూసుకోవాల్సిన తప్పులు. ఒక్క మొహమూ చిట్లలేదు. డ్రమ్ములతను ఆయన్ని చూసి నవ్వుతూ తలూపాడు.

పిల్లలు ఆడుకునేటప్పుడు ఏడిచే చిన్నవాణ్ణి ఆటలో అరటిపండుగా కలుపుకుంటారు. వాడు పరిగెడతాడు, అరుస్తాడు, వాడు అంటుకున్నా ఎవరూ అవుట్ కారు. ఆ పసివాడికైనా సంగతి తెలియదు. యాభై ఏడో ఏట ఈయనకు మూడు వందలమంది ముందు తెలిసింది. తెలిసీ, పాట అయిపోయేదాకా వేళ్ళు ఆడిస్తూనే ఉన్నాడు. ఏం చేస్తాడు మరి? చప్పట్లు దద్దరిల్లాయి.

స్టేజీ వెనక సౌండతణ్ణి పట్టుకున్నాడు. "నా సౌండు ఎప్పుడు తీసేశావు?"

"మొదట్నుంచీ తీసే ఉంచామండీ. కీబోర్డు సారు చెప్పారు. మీకు తెలుసనుకున్నానే!"

బామ్మర్ది పరుగున వచ్చాడు. "కోపం తెచ్చుకోకు బావా. అక్కే చెయ్యమంది."

వెనకే వచ్చిన భార్య దాచలేదు. "నలుగురిలో మీరు నవ్వులపాలైతే నేను చూడలేనండీ. ఇప్పుడేమైంది? అందరూ ఎంత మెచ్చుకున్నారో!"

"మెచ్చుకుంది నీ తమ్ముడి ఎడమచేతిని. నవ్వులపాలైతే అయ్యేవాణ్ణే! ఆ నవ్వయినా నాదయ్యేది కదే" అన్నాడు మెకానిక్. గిటారు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. ప్రేమతో చేసిన ద్రోహాన్ని ఏమని తిట్టాలో ఆయనకు తెలియలేదు.

మంగళవారంనాడు, ఇక క్లాసు మానేస్తున్నానని చెప్పడానికే టీచరు దగ్గరికి వెళ్ళాడు. ఈలోపే భార్య ఆ వీడియోను చుట్టాలందరితో పాటు టీచరుకూ పంపేసింది.

"కూర్చోండి అంకుల్" అంది టీచరు. "రెండో పాటలో మీ వేళ్ళు ఒకచోట, శబ్దం ఒకచోట ఉన్నాయి. మీ సౌండు రానివ్వలేదు కదూ?"

ఆయన తలూపాడు.

"నాకు అనుమానమొచ్చి మొదటి పాట మ్యూట్‌లో పెట్టి చూశాను. వట్టి మీ వేళ్ళు. ఆరుసార్లు చూశాను. ఆ పదో ఫ్రెట్ దూకుడుతో సహా ఒక్క తప్పు లేదు."

ఏడాదిగా ఆ నోట ఒక్క మంచిమాట కోసం కాచుకున్నవాడు. అది వచ్చాక ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

"ఒక్కటీ లేదా?"

"లేదు."

"బాగుందంటావా, వినడానికి?"

"ఏమో అంకుల్. నేను వినలేదుగా" అంది. కుర్చీలోంచి లేచి, "ఎవరూ వినలేదు. పోన్లెండి, ఇప్పుడు వాయించండి, నేను వింటాను" అంటూ వైరు తగిలించి, స్పీకరు సౌండు బాగా పెంచింది.

మానేస్తానని వచ్చినవాడు గిటారు మెళ్ళో వేసుకున్నాడు. పల్లవి గడిచింది, రెండు చరణాలూ గడిచాయి. చెయ్యి దూకి తొమ్మిదో ఫ్రెట్ మీద పడింది. మళ్ళీ మొదలుపెట్టాడు, పదకొండు మీద పడింది. మళ్ళీ మళ్ళీ వాయించాడు. గంట అయిపోయేదాకా ప్రతి తప్పూ కింద మందుల షాపు దాకా స్పష్టంగా వినిపించింది.