కాలవలో దొరికిన చిరునామాలు

నాలుగు రోజులు విడవకుండా కురిసిన వానకి రాయపురంలో హైమ ఉండే అపార్టుమెంటు కార్ల షెడ్డులో మోకాటి లోతు నీళ్లు నిలిచాయి. కారణం ఏమిటో హైమకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. వెనక సందులో పద్దెనిమిది లైనిళ్లు, ఒక్కో గదిలో ఏడెనిమిది మంది. అంత జనం ఉన్నచోట కాలవ పూడకేం చేస్తుంది? అసోసియేషన్ కార్యదర్శి తనే కాబట్టి కార్పొరేషన్‌కి ఫిర్యాదు రాసింది. అంతటితో ఆగక, సందులోవాళ్లు అపార్టుమెంటు ఆవరణలోంచి మంచినీళ్ల ట్యాంకుకి అడ్డదారిన వెళ్లే చిన్న గేటుకి తాళం వేయించింది.

ఫిర్యాదు రాసిన పదో రోజు పొద్దున కార్పొరేషన్ మనుషులు వచ్చి కాలవ మూతలు తీశారు. పని సరిగా చేస్తారో లేదోనని హైమ కిందికి దిగి దగ్గరే నిలబడింది. సుబ్బన్ అనే పనివాడు పొడవాటి కొక్కెంతో లోపల్నించి లాగుతున్నాడు. మొదట నల్లటి బురద వచ్చింది. తర్వాత పార్సిల్ కవర్లు, థర్మాకోల్ ముక్కలు, బిరియానీ డబ్బాలు, మళ్లీ కవర్లు. గట్టు మీద గుట్ట పెరిగిపోతోంది.

సుబ్బన్ ఒక కవరును కాలితో తిప్పి, దానికి అంటించిన చీటీ చదివాడు.

"మూడు వందల రెండు, హైమ. ఎవరమ్మా అది?" అని తమిళంలో అడిగాడు.

హైమ వంగి చూసింది. మరో కవరు మీదా తన పేరే. ఇంకోదాని మీద అసోసియేషన్ అధ్యక్షుడు విజయకుమార్ పేరు. చెత్తడబ్బాలు నిండిపోతే వాచ్‌మన్ మిగిలిన సంచులు వెనక గోడ వారన పడేస్తాడని ఆమెకు తెలుసు. బాల్కనీలోంచి రోజూ చూస్తూనే ఉంది. వాన వాటిని కాలవలోకి ఈడ్చుకుపోయింది, అంతే.

సందులోంచి జానకి రెండు బిందెలతో వచ్చి నిలబడింది. రేవులో చేపలమ్మే మనిషి.

"మా ఇంట్లో తొమ్మిదిమందిమి ఉండామక్కా. మూణ్ణాళ్లకి ఒక బక్కెట్టు చెత్త. మాకు పార్సిలు ఎవురు తెస్తారు?"

"తెలీక ఫిర్యాదు రాసినాను జానకీ..."

"రాస్తే రాసినావులే. తాళమేసినాక ఆడ దాకా చుట్టు తిరిగి పోతా ఉండాం. నాకు ఒక నడకన్నా తగ్గుతాదని మా అత్త నీళ్లు తాగడమే తగ్గించేసింది."

హైమ చెప్పులు కూడా విప్పకుండా గబగబా మెట్లెక్కి విజయకుమార్ తలుపు తట్టింది. అతను గుంటూరు నుంచి వచ్చి ఐదేళ్లయింది, ఐటీ ఉద్యోగం.

"గేటు తాళం తీసేద్దాం. కాలవ పూడ్చింది మనం."

"అలాగంటే ఎలాగండీ? అక్కడ నూటయాభైమంది, ఇక్కడ నలభైమంది. జనాభా జనాభానే కదా!"

"కిందికొచ్చి చూడు. వాళ్లింట్లో తొమ్మిదిమంది మూడు రోజుల్లో పారేసేది, నేనూ మా ఆయనా ఒక్క పూటలో పారేస్తా ఉండాం."

"సరే, ఆదివారం మీటింగు పెట్టి నిర్ణయిద్దాం."

"తాళం వేసేదానికి మీటింగు పెట్టినామా?"

ఆమె తన ఇంట్లోంచి తాళంచెవి తీసుకుని దిగిపోయింది. తుప్పు పట్టిన పాత తాళం తిరగనంది. రాయి తీసుకుని నాలుగు దెబ్బలు వేస్తే ఊడింది. జానకి ఆమె వంక చూడనైనా చూడకుండా గేటు దాటి ట్యాంకు వైపు వెళ్లిపోయింది. ఆమె వెనకే ఇంకో నలుగురు ఆడవాళ్లు.

హైమ ఇంటికొచ్చి, మొదటి ఫిర్యాదు తప్పని, చెత్త తమ అపార్టుమెంటుదేనని కార్పొరేషన్‌కి రెండో ఉత్తరం రాసింది. రాశాక కూడా మనసు కుదుటపడలేదు. సాయంత్రం జార్జి టౌన్ కొట్టు నుంచి వచ్చిన భర్త కామేశానికి ఆమె వంటింటికీ హాలుకీ మధ్య తిరుగుతూ కనిపించింది.

"ఏంది హైమా, కాలుకాలిన పిల్లిలా? ఒక చోట కూర్చోరాదా?"

"ఈ వారం ఏమేం తెప్పించినానో ఒకటీ గుర్తుకు రావడం లేదండీ," అందామె.

ఫోను తీసి చూసింది. రావలసిన పార్సిళ్లు ఇంకా మూడున్నాయి. రెండింటిని రద్దు చేసింది. మూడోది అప్పటికే బయల్దేరిపోయింది.