ఏడో పక్కటెముక

కృష్ణ ఒడ్డు ఇసుకలో మా వంటింటి గట్టు ఉంది. దాని మీద కాళ్ళు మడుచుకుని కూర్చుని ఆయన విమానం రెక్క చెక్కుతున్నారు, చెక్కిన కొద్దీ తెల్లటి పొట్టు ఎగిరి నా పాదాల మీద పడుతోంది, పడ్డట్టు మాత్రం తెలియడం లేదు. ఆయన పోయి పదకొండు నెలలైందని నాకు తెలుసు, తెలిసినా ఆ మాట ఎత్తబుద్ధి కావడం లేదు, ఎందుకంటే ఆయన వేసుకున్న లోకోషెడ్డు నీలం చొక్కాకి పై గుండీ లేదు, ఇన్నాళ్ళకి కనిపించి కూడా ముందు ఆ గుండీ గురించే దెప్పుతారేమోనని నా భయం నాది.

"వచ్చావా, కూర్చో," అంటారు తలెత్తకుండానే.

కూర్చోబోతే ఇసుక లేదు, స్టేషను ప్లాట్‌ఫారం ఉంది, దాని పొడుగునా ముప్ఫై ఏళ్ళుగా ఆయన చేసిన కర్ర విమానాలన్నీ బండి కోసం వచ్చిన జనంలా సర్దుకుని నిలబడి ఉన్నాయి, మొట్టమొదట చేసిన మూతి వంకర విమానం కూడా వాటిలో ఉంది, దాన్ని పొయ్యిలో పెట్టింది నేనే కాబట్టి అటు చూడకుండా నడుస్తున్నాను. నల్లకోటు టీసీ ఒకడు ఎదురొచ్చి, "ఈయన మీకేమవుతారమ్మా?" అని అడుగుతాడు.

"మా ఆయన. నాంచారయ్య గారు. ఈ బెజవాడ లోకోషెడ్డులోనే ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. సెలవొస్తే చాలు, కొండపల్లి వెళ్ళి అక్కడ బొమ్మలకి వాడే పొణికి కర్ర తెచ్చుకుని విమానాలు చేస్తారు. ఆ కర్రకి బరువుండదు, అందుకని."

"మరి మీరేం చేస్తారు?"

"నేను వంకలు పెడతాను."

టీసీ ఆ మాట కాగితం మీద రాసుకుని, ఇదీ ఒక ఉద్యోగమే అన్నట్టు తలూపి, రాసుకుంటూనే బండి లేని పట్టాల మీదికి దిగిపోతాడు.

నిజంగానే నా పని అది. రెక్క అంటే ఒకే చెక్క కాదు. పొడుగాటి పుల్లకి వరసగా పల్చటి చెక్కముక్కలు నిలబెడతారు, వాటిని ఆయన పక్కటెముకలు అంటారు, వాటి మీద పల్చటి కాగితం కప్పి వార్నీషు పూయాలి. కాగితమూ వార్నీషూ నా వంతు. కప్పేముందు నేను చేతులు కడుక్కుని, పొడిగా తుడుచుకుని, కళ్ళు మూసుకుని, చూపుడు వేలిని ఆ పక్కటెముకల మీదుగా ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్కసారి నడిపిస్తాను. ఎక్కడ కాస్త ఎత్తున్నా వేలికి తగులుతుంది, అది అలాగే వదిలేస్తే విమానం గాల్లోకి లేచాక ఓ పక్కకి ఒరిగిపోతుంది. ఈ ముప్ఫై ఏళ్ళలో మొదటిసారికే నేను సరేనన్న రెక్క ఒక్కటీ లేదు. "మళ్ళీ," అంటాను. ఆయన గరుకు ఉప్పు కాగితం తీసుకుని, తనలో తను నవ్వుకుంటూ వసారాలోకి పోయి మళ్ళీ రుద్దుకొస్తారు. ఇరుగుపొరుగు నన్ను గయ్యాళి కింద జమకట్టారు, కట్టుకోనీ, ఆయనకి మాత్రం నా నోట ఆ మాట వినకపోతే పని చేసినట్టే ఉండదు.

ఇప్పుడు ప్లాట్‌ఫారం ఆసుపత్రి వరండాలా సన్నబడుతోంది, అయినా ఎక్కడో ఏరు కదులుతున్నట్టే ఉంది, ఆయన గట్టు దిగి వచ్చి చేతిలో రెక్క నా ఒళ్ళో పెడతారు. చూడగానే గుర్తుపడతాను. ఆఖరిది.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక మంచం మీద కూర్చుని చేసిందది. లివరు పూర్తిగా పాడైందని, ఇంక నెలల లెక్కేనని డాక్టరు నన్నూ మా అబ్బాయినీ పక్కకి పిలిచి చెప్పాడు. ఆయనకి తెలియనివ్వకూడదని మేమిద్దరం ఒట్టేసుకున్నాం. అప్పటికే ఆయన చెయ్యి వణుకుతోంది. పది రోజులు కష్టపడి రెక్క పూర్తిచేసి ఎప్పట్లాగే నా ముందు పెట్టారు, నేనూ ఎప్పట్లాగే చేతులు కడుక్కొచ్చి కళ్ళు మూసుకున్నాను. ఏడో పక్కటెముక దగ్గర నా వేలు గతుక్కుమంది. కళ్ళు తెరిస్తే ఆయన నా మొహంలోకే చూస్తున్నారు.

"బాగుంది," అన్నాను.

ఆ రోజు నుంచి నా వేలు మీద నాకే నమ్మకం పోయింది.

"కాగితం కప్పలేదేంటే, మాణిక్యం?" అంటారాయన ఇప్పుడు, వరండా బల్ల మీద నా పక్కన కూర్చుంటూ.

"తీరిక లేదండీ."

"పదకొండు నెలల నుంచా?"

నేను రెక్కని అటూ ఇటూ తిప్పుతుంటాను, తిప్పినప్పుడల్లా అది కాస్త పొడుగవుతోంది, చివర ఎక్కడో వంతెన మీద ఆనినట్టుంది, వంతెన మీద బండి చప్పుడు లేకుండా పోతోంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపిస్తోంది.

"ఆ రోజు బాగుందన్నాను చూడండి. అది బాగాలేదు."

"తెలుసులే. చేసింది నేనైతే నాకు తెలీదూ?"

"తెలిస్తే మరి రుద్దుకోలేదేం? రెండు నెలలు మీ మంచం ఎదురుగానే ఉంది కదా."

"ఎట్టా రుద్దుతానే? నువ్వు బాగుందన్నావాయె. నేను మళ్ళీ ముట్టుకుంటే నీ మాట అబద్ధమని తేలిపోదూ. అంత కష్టపడి చెప్పావు, పోనీలే అని ఊరుకున్నా."

ఆయన నా చూపుడు వేలు పట్టుకుని, దుమ్ము అంటిందేమో అన్నట్టు చొక్కా అంచుతో తుడుస్తున్నారు.

"ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారికే సరేనని ఎరగని మనిషివి. అట్టాంటిదానివి వేలు తీయకముందే బాగుందన్నావు. నాకు అప్పుడే అర్థమైపోయింది, ఇంక ఎక్కువ రోజుల్లేవని. డాక్టరు నోరు మూయించారు సరే, నువ్వే చెప్పేశావు కదా."

ప్రాణం పెట్టి దాచాననుకున్న మాటని నా చేత్తో నేనే ఆయనకి అందించాను, ఆ రెండు నెలలూ ఆయన ఒక్కరే దాన్ని మోస్తూ నేను పెట్టిన గంజి తాగి నేను చెప్పిన కబుర్లకి నవ్వారు, నేనేమో ఆయనకి ఏమీ తెలియదనుకుని పక్కగదిలోకి పోయి ఏడ్చేదాన్ని. ఇద్దరం కలిసి ఏడవాల్సిన ఏడుపు అది. ఇప్పుడు ఏడుస్తున్నాను, సిగ్గు లేకుండా, వెక్కి వెక్కి, వరండాలో అటూ ఇటూ పోయే మొహాల్లేని మనుషులు ఆగి చూసినా లెక్కచేయకుండా.

"నా మీద కోపం వచ్చిందా?"

"కోపం కాదు, విసుగొచ్చింది. ఎవర్ని చూసినా నవ్వుమొహాలే. ఏం చేసినా బాగుంది, ఏం తిన్నా మంచిది. తప్పు చేశావయ్యా అనే మనిషి ఇంట్లో ఒక్కరు లేకుండా పోయారు. నువ్వు 'మళ్ళీ' అని ఉంటే ఇంకో నాలుగు రోజులు రుద్దుకుంటూ కూర్చునేవాణ్ణి కదే. ఆ నాలుగు రోజులూ రోగినన్న సంగతి మర్చిపోయేవాణ్ణి."

ఆయన రెక్కని బల్ల మీద సరిగ్గా పరిచి, "ఇప్పుడు చూసి చెప్పు," అంటారు.

చేతులు కడుక్కోవాలి అనుకోగానే ఏరు బల్ల దాకా వస్తుంది, చల్లగా ఉంది. కడుక్కుని, చీర చెంగుతో తుడుచుకుని, కలలోనే మళ్ళీ కళ్ళు మూసుకుంటాను. ఒకటి, రెండు, మూడు, వేలు నెమ్మదిగా పోతోంది, నాలుగు, అయిదు, ఆరు నున్నగా ఉన్నాయి, ఏడో దాని దగ్గర అదే గతుకు. ఇక్కడ ఆగిపోతే ఆయన లేచి వెళ్ళిపోతారని తెలుసు. బాగుందంటే ఇంకాసేపు నా పక్కనే ఉంటారనిపిస్తుంది. ఆ ఆశకి నోరు తెరుచుకోను కూడా తెరుచుకుంటుంది.

"ఏడోది ఎత్తుగా ఉంది," అంటాను. "అంగుళంలో పదహారో వంతు. మళ్ళీ."

కళ్ళు తెరిచేసరికి ఆయన అప్పుడే లేచి నిలబడ్డారు. ఆ మొహంలో ఎంత హుషారో. ఉప్పు కాగితం మడతపెట్టుకుని, రెక్క చంకన పెట్టుకుని, తనలో తను నవ్వుకుంటూ విమానాల వరస పక్కగా నడిచిపోతున్నారు, వరండా చివర వెలుతురులో కాసేపు రుద్దుతున్న చప్పుడు వినిపిస్తోంది, తరవాత ఆ చప్పుడు మా ఫ్యాను చప్పుడైపోయింది.

మధ్యాహ్నం నాలుగు దాటింది. సత్యనారాయణపురం ఇంట్లో ముందుగదిలో మంచం మీద పడుకుని ఉన్నాను, చెంపలు తడిగా ఉన్నాయి. కోడలు స్వర్ణ టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. లేచి కూర్చుని ఒక గుక్క తాగాను.

"పంచదార ఎక్కువైంది. అల్లం సరిగ్గా నలగలేదు, ముక్కలు తగులుతున్నాయి."

స్వర్ణ కదలకుండా నా వంకే చూసింది. నొచ్చుకుందేమో అనుకున్నాను. తీరా చూస్తే ఆ పిల్ల మంచం అంచున కూలబడి పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"మామయ్యగారు పోయిన దగ్గర్నుంచి ఏం చేసిపెట్టినా బాగుందమ్మా, బాగుందమ్మా అంటున్నారు అత్తయ్యా. మొన్న ఉప్పు వేయడం మర్చిపోయిన పప్పు కూడా బాగుందన్నారు. నాకెంత భయమేసిందో మీకేం తెలుసు."

నేను ఆమె వీపు మీద చెయ్యి వేశాను. స్వర్ణ ముక్కు ఎగబీల్చుకుని, నా చేతిలోంచి గ్లాసు తీసుకుని లేచింది.

"ఉండండి, మళ్ళీ పెట్టుకొస్తా."

లోపల అల్లం దంచుతున్న చప్పుడు మొదలైంది. నేను బీరువా పైన కాగితం కప్పకుండా ఉండిపోయిన ఆ ఆఖరి రెక్కని దించడానికి స్టూలు లాక్కున్నాను.