ఉప్పు చెప్పే మనిషి

డాక్టరు చెప్పిన మాట సాజిదా ఒక్కతే విన్నది. నాన్న పీరు, అమ్మ ఖాదర్‌బీ బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు. నాలుక మీది కేన్సరు పుండు మళ్లీ వచ్చింది. ఈసారి గొంతులోకి దిగింది. ఇక కరెంటు పెట్టినా లాభం లేదట.

బయటికొచ్చి, "బాగానే ఉందన్నారు నాన్నా. ఇవాళ మంచి హోటల్లో తిందాం" అంది.

సత్తెనపల్లి చుట్టుపక్కల పాతికేళ్లుగా ఎవరింట్లో పెళ్లయినా బిర్యానీ పీరు మాస్టరే వండాలి. అలాంటి మనిషిని సాజిదా గుంటూరులో కొత్తగా పెట్టిన ఏసీ రెస్టారెంటుకి తీసుకెళ్లింది. అక్కడ ఏదైనా అరచేతంత పళ్లెంలో తెస్తారు, తలా కాస్త పంచుకుని తినాలి. ఎక్కువ మింగలేని నాన్నకు అదే నయమనుకుంది.

రొయ్యల వేపుడు, కీమా ఉండలు, చేప ముక్కలు వచ్చాయి. పీరు చూసి నవ్వాడు.

"ఇదేందే, మూడు పళ్లేలూ కలిపినా ఒక మనిషికి చాలదు!"

ఒక రొయ్యను చిదిమి నోట్లో వేసుకుని చాలాసేపు నానబెట్టాడు. తర్వాత భార్య వైపు తిరిగి, "చెప్పు" అన్నాడు.

ఖాదర్‌బీ ఒకటి తిని, అలవాటైన పనిలా చెప్పింది. "ఉప్పు సరిపోయింది. కారం తక్కువ. అల్లం పచ్చివాసన పోలేదు."

"తొందరపడి దించుంటాడు" అన్నాడు పీరు.

సాజిదాకు అర్థం కాలేదు. "నువ్వు తిన్నావు కదా నాన్నా, అమ్మ చెప్పడమేంది?"

పీరు చెయ్యి తుడుచుకున్నాడు.

"రెండేళ్లయిందమ్మా నాకు రుచి తెలియక" అన్నాడు పీరు. "మొదటిసారి కరెంటు పెట్టినప్పుడే పోయింది. ఆ తర్వాత పెళ్లిళ్లన్నీ మీ అమ్మ నాలుకతోనే వండాను. టెంటు వెనకాల నిలబడి చెప్పేది."

సాజిదాకు పాత సంగతి గుర్తొచ్చింది. పిలవని పెళ్లిళ్లకు కూడా అమ్మ నాన్న వెంట పోతోందని తనే ఒకసారి అందరి ముందూ కసిరింది. తిండి కోసం వెళ్తున్నావా, పరువు పోతోందని అంది. ఖాదర్‌బీ ఆ రోజు తల వంచుకుని లోపలికెళ్లిపోయింది.

"డాక్టరు మాట నువ్వు చెప్పొద్దులే" అన్నాడు పీరు, నీళ్లు తాగుతూ. "బాగున్నవాణ్ణయితే ఈ హోటలుకి కాదు, ఇంటికి తీసుకుపోయేదానివి."

ఖాదర్‌బీ కూతురి మొహం చూసింది. సాజిదా కళ్లు దించుకుంది. ఆవిడ రెండో పళ్లెం దగ్గరికి జరుపుకుని, ఒక ఉండ తుంచి తిన్నది.

"కీమా మెత్తగా ఉందయ్యా. నువ్వు తినగలవు" అంది.

ఆయన తిన్నాడు. ఆవిడ చెబుతుంటే మూడు పళ్లేలూ ఖాళీ చేశాడు.

బస్టాండులో పీరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, సాజిదా తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఆ రోజు అట్టా అన్నాను. నాకు చెప్పుండాల్సింది."

"నీకు చెబితే నలుగురికీ తెలిసేది. తెలిస్తే ఆయన్ని వంటకి ఎవరు పిలుస్తారే?" అంది ఖాదర్‌బీ. అప్పుడు ఏడ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, బస్సులోకి వినబడకుండా. తర్వాత అడిగింది.

"ఎన్నాళ్లన్నాడు?"

"ఐదారు నెలలు."

పీరు మూడో నెల నిండకుండానే పోయాడు.