బతికున్న ఇసుక

బ్లీచింగ్ పౌడర్ బస్తాలతో లారీ వచ్చి కాలనీ నీళ్ళతొట్టి పక్కనే ఆగింది. వెనకే పోలీసు వ్యాను. అందులోంచి ట్యాంకర్ల కాంట్రాక్టరు దిగేసరికి కుట్టుమిషనక్క కుడుతున్న బట్ట వదిలేసి పరుగున వచ్చింది.

రాగి ఫ్యాక్టరీ వదిలిన ఆర్సెనిక్ ఆ కాలనీ బోర్లలోకి దిగి ఏళ్ళయింది. అక్క మొగుడి అరచేతులు మచ్చలు కట్టి, గరుకెక్కి, పగిలి, చివరికి మనిషే పోయాడు. ఫ్యాక్టరీ నోరు విప్పలేదు. కాంట్రాక్టరు మాత్రం ట్యాంకర్లు దించాడు. ఎదురు మాట్లాడిన వీధికి నీళ్ళు బంద్.

అక్క చెల్లెలి కూతురు యూనివర్సిటీలో చదువుతోంది. ఆ పిల్లే దారి చూపించింది.

“ఈ మట్టిలోనే ఒకరకం బాక్టీరియా ఉంది పెద్దమ్మా. అది ఆర్సెనిక్ రూపు మార్చేస్తుంది. అలా మారిన ఆర్సెనిక్ తుప్పుకి అతుక్కుని పైన ఇసుకలోనే ఉండిపోతుంది. కిందికి మంచినీళ్ళు దిగుతాయి.”

కాలనీ అంతా రెక్కలు ముక్కలు చేసుకుని తొట్టి కట్టింది. తుప్పు కలిపిన ఇసుకలో బాక్టీరియా పెరిగింది. నీళ్ళు మంచివని పరీక్షలో తేలాక ట్యాంకర్ల మొహం చూసినవాళ్ళు లేరు.

ఆ మంటే ఇవాళ కాంట్రాక్టర్ని ఇక్కడికి తెచ్చింది.

“తాగేనీళ్ళలో క్రిములు పెంచుతారా? జనం ఆరోగ్యం ఏం కావాలి?”

“మా ఆయన పోయిన రోజు ఏ గంగలో దూకిందిరా నీ ఆరోగ్యం?” అక్క గొంతు చించుకుంది.

“ఆర్డరేదీ?” అంటూ పిల్ల తొట్టికి అడ్డంగా నిలబడింది. ఇన్‌స్పెక్టరు లాఠీతో జవాబు చెప్పి, జుట్టు పట్టి వ్యానులోకి ఈడ్చాడు. బస్తాలు తొట్టిలో గుమ్మరించారు. ఘాటుకు కళ్ళు మండాయి.

“పోలీసులతో మనకెందుకక్కా, వదిలెయ్,” అన్నాడు కాలనీలోనే ఉండే వెల్డరు.

“వదిలేసి? మళ్ళీ వాడి కాళ్ళు పట్టుకుందామా?”

వ్యానులోంచి పిల్ల అరిచింది. “పెద్దమ్మా! అడుగు ఇసుక ఇంకా బతికే ఉంటుంది! తడి ఆరనివ్వకండి!”

అక్క చీర ఎగదోపి తొట్టిలోకి దూకింది. రెండు చేతులా పై ఇసుక పక్కకి తోసేసింది.

“బిందెలు తెండే!”

బిందెలు, బక్కెట్లు, గిన్నెలు. వెల్డరే ముందు పార పట్టాడు. తడి ఇసుక చేతులు మారుతూ సందుల్లోకి పోయింది. ఎవరిని ఆపాలో తెలియక కానిస్టేబుళ్ళు తెల్లమొహం వేశారు. ఇన్‌స్పెక్టరు అక్క రెక్క పట్టుకుని లాక్కుపోయాడు.

అక్కా పిల్లా బెయిలు మీద వచ్చేసరికి గడపగడపకీ డ్రమ్ము. డ్రమ్ములో తుప్పు, ఆ ఇసుక. జనం అక్కని చుట్టేశారు.

“గెలిచామక్కా!”

“ఎక్కడ గెలిచాం? వాళ్ళు విషం పోస్తూనే ఉంటే మనం కడుక్కుంటూ కూర్చోవాలా?”

వెల్డరు వెళ్ళి తోపుడుబండి తెచ్చాడు, వెనకే మరికొన్ని వచ్చాయి. ఆర్సెనిక్ పట్టి ఉంచిన, చచ్చిన పై ఇసుకంతా బండ్లకెత్తారు. పట్టపగలు, కాలనీకి కాలనీ కదిలింది.

ఫ్యాక్టరీ గేటుకు అడ్డంగా ఆ గుట్ట పడగానే మేనేజరు ఊగిపోతూ వచ్చాడు.

“ఏంటీ చెత్త?”

“మీ సరుకే సారూ,” అంది అక్క. “మా ఒంట్లోకి పోకుండా పట్టుకున్నాం. ముందు ఇది తీసుకో. మిగతాది మా ఆయన ఒంట్లోకి పోయింది. దానికి లెక్క చెప్పిందాకా ఇక్కణ్ణుంచి కదలం.”

వెనక జనం గేటుకు అడ్డంగా కూర్చున్నారు. లోపల షిఫ్టు దిగిన కార్మికులు కూడా బయటికొచ్చి, తమ అరచేతులు ఒకసారి చూసుకుని, వాళ్ళ పక్కనే చతికిలబడ్డారు.