వచ్చినదాని పేరు

మా ఆయన లాజరుకు కోపం వస్తే కళ్లు మూసుకుని కూర్చుంటాడు. రంగూన్‌లో బియ్యం మిల్లు పక్కన ఉండే ఒక బౌద్ధ సన్యాసి నేర్పిన విద్య అది. మనసులోకి ఏదైనా వస్తే తరమకూడదు, దాని వెంట పోకూడదు. పేరు పెట్టి చూస్తూ ఉంటే దానంతట అదే పోతుందట. మిల్లు మేస్త్రీ మీద కోపం అలాగే పోయింది. తమ్ముడు ఏసేపు మీద కోపం మాత్రం మా సొంతూరు కమలాపురం దాకా మాతోనే వచ్చింది.

నలభై రెండులో జపానువాళ్ల బాంబులకు భయపడి రంగూన్ నుంచి కాలినడకన బయలుదేరాం. కొండదారిలో నీళ్లు అయిపోయాయి. లాజరు పాదాలు పుండ్లయ్యాయి కాబట్టి డబ్బా ఇచ్చి తమ్ముణ్ణి పంపాడు. ఏసేపు మరునాడు మధ్యాహ్నం నిండు డబ్బాతో వచ్చాడు. దారి తప్పానన్నాడు. అప్పటికే మా నాలుగేళ్ల కృపమణిని పూడ్చిపెట్టేశాం.

ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ ఒకే గనిలో బండలు కొడతారు. మాట్లాడుకోరు.

మా చర్చి గుడిలో నెలకొకసారి ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. రొట్టె ఇచ్చే ముందు పాస్టరు అయ్యగారు ఒక్కొక్క ఇంటాయనను అడుగుతారు, తోటివాడి మీద కోపం ఉందా అని. ఉంటే రొట్టె లేదు. అందరూ "లేదయ్యా" అంటారు. ముందురోజు పొలం గట్టు కోసం తలలు పగలగొట్టుకున్నవాళ్లూ అంటారు. మా ఆయన కళ్లు మూసుకుని, లోపలంతా వెతికి, "ఉండాదయ్యా" అంటాడు. రెండేళ్లుగా ఇదే వరస. ఈ ఆదివారం కూడా అదే మాటైతే సంఘం పుస్తకంలోంచి పేరు కొట్టేస్తామన్నారు పెద్దలు. పేరు పోతే మా ఇంటికి పెళ్లికి రారు, చావుకు రారు, మావాళ్ల పక్కన పూడ్చనివ్వరు.

"లేదని ఒక్క మాట అనేస్తే నీ నోరేమన్నా పడిపోతాదా?" అన్నాను శనివారం పొద్దున.

"ఏమే వరమ్మా, ఉండేదాన్ని లేదని ఎట్ల సెప్పేది?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ విద్య సంగతేదో తేల్చుకుందామని పక్కనే కూర్చుని కళ్లు మూశాను. కోపం వచ్చింది. ఎవరి మీదా అని చూశాను. ఏసేపు మీద కాదు, ఈయన మీద.

"రెండేండ్ల నుంచి అన్నిటికీ పేర్లు పెడతాండావు. బిడ్డ పేరు ఒక్కతూరన్నా పలికినావా?"

ఆయన నోరు తెరిచాడు. "కృప" దాకా వచ్చి ఆగిపోయాడు. తర్వాత ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. గనికి ఆలస్యమైతే అక్కడి మేస్త్రీ తిట్టాడు.

ఆదివారం అయ్యగారు అడిగారు. లాజరు ఎప్పటిలాగే వెతికాడు.

"కోపం కనపడలేదయ్యా. దుఃఖం ఉండాది. శానా ఉండాది."

అయ్యగారు పెద్దల వైపు చూశారు. దుఃఖం ఉన్నవాడికి రొట్టె ఇవ్వకూడదని ఎక్కడైనా ఉన్నట్టు ఎవరికీ గుర్తు రాలేదు. ఇచ్చారు.

తర్వాత ద్రాక్షరసం గిన్నె చేతులు మారుతూ వచ్చింది. లాజరు ఒక గుక్క తాగి, పక్కనే నిలబడిన తమ్ముడి ముందుకు చాచాడు. ఏసేపు అందుకోలేదు.

"నేను దారి తప్పలేదన్నా," అన్నాడు. "నీళ్లకాడ నిద్రపోయినా."

గుడంతా విన్నది. లాజరు కళ్లు మూసుకున్నాడు.

"వచ్చినాది," అన్నాడు. "ఇది కోపమే."

చాచిన గిన్నెను మాత్రం వెనక్కి తీసుకోలేదు.